కార్బన్ నానోట్యూబుల రామన్ వర్ణపటం

చూడటానికి నల్లటి మసి. సీసాలో పోసి బల్ల మీద పెడితే దీపపు మసికీ దానికీ తేడా కంటికి ఆనదు. కానీ అందులో ఉన్నవి కార్బన్ నానోట్యూబులు, అంటే ఒక నానోమీటరుకు అటూ ఇటూ వ్యాసం, దానికి వేల రెట్లు పొడవు ఉన్న బోలు నాళాలు. చిటికెడు మసిలో లెక్కకు అందనన్ని నాళాలుంటాయి, అవన్నీ ఒక్క రకంవి కావు. కొన్ని లోహ స్వభావం గలవి, కొన్ని అర్ధవాహకాలు. కొన్నిటి గోడలు నిక్కచ్చిగా ఉంటే కొన్నిటి గోడల్లో పరమాణువులు ఊడిపోయి ఉంటాయి. ఆ మసిలో ఏ రకం నాళాలున్నాయి, వాటి వ్యాసం ఎంత, గోడలు ఎంత నాణ్యమైనవి అన్న ప్రశ్నలకు నమూనా పాడవకుండా, నిమిషాల్లో జవాబు చెప్పే సాధనంగా రామన్ స్పెక్ట్రోస్కోపీ స్థిరపడింది. లేజర్ కాంతిని నమూనా మీద వేసి, చెదిరి వచ్చిన కాంతి రంగు ఎంత మారిందో కొలవడమే ఈ పద్ధతి.

కొలవడం తేలిక. ఆ కొలతను చదవడం తేలిక కాదు. నానోట్యూబుల విషయంలో రామన్ వర్ణపటం ఉన్నదంతా చూపదు. వేసిన లేజర్ రంగుకు ఏ నాళాలు స్పందిస్తాయో వాటినే పెద్దగా చేసి చూపిస్తుంది, మిగతావి పక్కనే ఉన్నా దాదాపు కనిపించవు. ఈ పద్ధతికి ఉన్న బలమంతా ఆ ఎంపికలోనే ఉంది, ప్రమాదమూ అందులోనే ఉంది.

చుట్టిన పొర

షడ్భుజాల జల్లెడగా అమరిన ఒకే పరమాణువు మందం గల కార్బన్ పొర పేరు గ్రాఫీన్. దాన్ని చాప చుట్టినట్టు చుట్టి అంచులు కలిపితే ఏకకుడ్య నానోట్యూబు అవుతుంది. ఏ దిక్కుగా చుట్టాం, ఎంత చుట్టుకొలత తీసుకున్నాం అన్న రెండు సంగతులనూ రెండు పూర్ణాంకాలు చెప్పేస్తాయి. శాస్త్రజ్ఞులు వాటిని ఎన్, ఎం అని రాస్తారు. (10,10), (6,5) అంటూ నాళాలకు పేర్లు పెట్టేది ఈ అంకెలతోనే. వ్యాసం కూడా వీటి నుంచే వస్తుంది. రెండు అంకెల వర్గాలకు వాటి లబ్ధాన్ని కలిపి, వర్గమూలం తీసి, 0.0783తో గుణిస్తే వ్యాసం నానోమీటర్లలో తేలుతుంది. (10,10)కి 1.356 నానోమీటర్లు, (6,5)కి 0.747.

జపాన్‌లోని సుకుబాలో ఎన్‌ఈసీ పరిశోధనశాలలో సుమియో ఇజిమా 1991లో బహుకుడ్య నాళాలను (ఒకదానిలో ఒకటి ఇమిడిన పలు గోడలున్నవి) ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూసి ప్రకటించాడు. కార్బన్ నాళాలను అంతకుముందూ చూసినవాళ్లున్నారు. రష్యన్ శాస్త్రజ్ఞులు రదుష్కేవిచ్, లుక్యానోవిచ్ 1952లోనే అటువంటి చిత్రాలు ప్రచురించారు. అయితే ప్రపంచం దృష్టి నాళాల మీద పడింది ఇజిమా పత్రంతోనే. 1993లో ఇజిమా బృందమూ, అమెరికాలో ఐబీఎంకు చెందిన డొనాల్డ్ బెథూన్ బృందమూ ఏకకుడ్య నాళాలను విడివిడిగా తయారుచేశాయి.

ఈ రెండింటి మధ్య, 1992లో, నానోట్యూబుల చరిత్రను మలుపు తిప్పిన లెక్క ఒకటి వచ్చింది. ఎన్ నుంచి ఎం తీసివేస్తే వచ్చే అంకె మూడుతో భాగింపబడితే నాళం లోహ స్వభావం చూపుతుంది, లేకపోతే అర్ధవాహకం అవుతుంది. హమదా, మింట్‌మైర్, సైతో బృందాలు వేర్వేరుగా ఈ ఫలితానికి వచ్చాయి. రసాయనికంగా అదే కార్బన్, అదే బంధం, చుట్టిన కోణం మాత్రమే తేడా. ఒకే పదార్థం కేవలం ఆకారం వల్ల లోహమో అర్ధవాహకమో కావడం పదార్థవిజ్ఞానంలో అరుదైన సంగతి.

దీని వల్ల కొలిచేవాడికి వచ్చే చిక్కు ఏమిటో (10,10), (11,9) నాళాలను పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. మొదటిదాని వ్యాసం 1.356 నానోమీటర్లు, రెండోదానిది 1.358. తేడా ఒక నానోమీటరులో అయిదు వందల వంతు. కానీ మొదటిది లోహం, రెండోది అర్ధవాహకం. (6,5), (9,1) సంగతి ఇంకా విచిత్రం, వాటి వ్యాసాలు అక్షరాలా ఒక్కటే. వ్యాసం ఒక్కటే కొలిస్తే నాళం ఏదో తేలదు.

చెదిరిన కాంతి

వస్తువు మీద పడి చెదిరిన కాంతిలో అత్యధిక భాగం వచ్చిన రంగులోనే తిరిగిపోతుంది. దీన్ని రేలీ పరిక్షేపణం అంటారు. సుమారు కోటి ఫోటాన్లలో ఒకటి మాత్రం వస్తువులోని పరమాణువులను కదిలించి, ఆ కదలికకు కావలసిన శక్తిని తన నుంచి ఇచ్చి, కొద్దిగా ఎరుపు వైపు జరిగి బయటికి వస్తుంది. అప్పటికే కంపిస్తున్న పరమాణువుల నుంచి శక్తి తీసుకుని నీలం వైపు జరిగేవీ ఉంటాయి, అవి ఇంకా తక్కువ. కలకత్తా బౌబజార్ వీధిలోని ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్‌లో సి.వి.రామన్, కె.ఎస్.కృష్ణన్ 1928 ఫిబ్రవరిలో కనిపెట్టింది ఈ అరుదైన కాంతినే. మాస్కోలో లాండ్స్‌బర్గ్, మాండెల్‌స్టామ్ దాదాపు అదే సమయంలో క్వార్ట్జ్ స్ఫటికంలో ఈ ఫలితాన్ని గుర్తించారు. నోబెల్ బహుమతి 1930లో రామన్‌కు వచ్చింది.

ఈ విద్యకు తెలుగు నేలతో నిజమైన బంధుత్వం ఉంది. రామన్ బాల్యం, పాఠశాల చదువు విశాఖపట్నంలో గడిచాయి. అంతకన్నా ముఖ్యమైన బంధం సూరి భగవంతంది. కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో 1909లో పుట్టిన భగవంతం కలకత్తాలో రామన్ దగ్గర పనిచేసి, తరువాత వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో భౌతికశాస్త్ర పరిశోధనను నిలబెట్టాడు. కాంతి పరిక్షేపణం, రామన్ ఫలితం మీద ఆయన రాసిన గ్రంథాన్ని విశ్వవిద్యాలయం 1940లో ప్రచురించింది. 1948లో టి.వెంకటరాయుడుతో కలిసి సమూహ సిద్ధాంతాన్నీ భౌతిక సమస్యలకు దాని అనువర్తనాన్నీ వివరిస్తూ మరో గ్రంథం వెలువరించాడు. ఒక అణువుకో స్ఫటికానికో ఉన్న సౌష్ఠవాన్ని బట్టి దాని కంపనాల్లో ఏవి రామన్ వర్ణపటంలో కనిపిస్తాయో, ఏవి కనిపించవో లెక్క తేల్చే విద్య అది. (10,10) నాళంలో మళ్లీ మళ్లీ వచ్చే చిన్న ముక్కలో 40 పరమాణువులుంటాయి, అంటే 120 కంపన రీతులు. వాటిలో రామన్‌కు అందేవి కొన్నే అనీ, గట్టిగా కనిపించేవి మరీ కొన్నే అనీ ముందుగా చెప్పగలిగింది ఈ సౌష్ఠవ గణితమే. నానోట్యూబుల మీద రాసే ఏ పాఠ్యగ్రంథమైనా సమూహ సిద్ధాంతానికి ఒక అధ్యాయం కేటాయించక తప్పదు.

రంగు మార్పును వేవ్‌నంబర్లలో కొలుస్తారు. ఒక సెంటీమీటరు పొడవులో ఎన్ని తరంగాలు పడతాయో చెప్పే అంకె అది. 532 నానోమీటర్ల ఆకుపచ్చ లేజర్‌ను తీసుకుంటే దాని వేవ్‌నంబరు 18,797. నాళం అందులోంచి 180 వేవ్‌నంబర్లు తీసుకుంటే బయటికి వచ్చే కాంతి తరంగదైర్ఘ్యం 537.1 నానోమీటర్లు, కంటికి ఇంకా ఆకుపచ్చే. 1,590 తీసుకుంటే 581 నానోమీటర్లు, అది పసుపు. అందువల్ల పరికరంలో మొదటి పని లేజర్ రంగును పదునైన ఫిల్టర్‌తో కోసేయడం. ఆ పక్కనే మిణుకుమనే కాంతిని గ్రేటింగ్ మీద విడదీసి సీసీడీ కెమెరాలో పట్టడం తరువాతి పని.

వర్ణపటంలో ఎక్కడ ఏముంటుంది

ఏకకుడ్య నానోట్యూబుల వర్ణపటంలో ఎడమ చివర, సుమారు 100 నుంచి 350 వేవ్‌నంబర్ల మధ్య, సన్నటి గీతలు కొన్ని లేస్తాయి. నాళం చుట్టూ ఉన్న పరమాణువులన్నీ ఒక్కసారిగా బయటికీ లోపలికీ కదిలే కంపనం ఇది. వ్యాసం పెరుగుతుంది, తగ్గుతుంది, మళ్లీ పెరుగుతుంది, సెకనుకు కొన్ని లక్షల కోట్ల సార్లు. రేడియల్ బ్రీతింగ్ మోడ్ అని దీని పేరు, ప్రయోగశాలల్లో అందరూ ఆర్‌బీఎం అంటారు. గ్రాఫైట్‌లో ఇది లేదు, వజ్రంలో లేదు, మామూలు మసిలో లేదు. ఈ గీతలు కనిపించాయంటే నమూనాలో సన్నని నాళాలున్నాయని గట్టి సాక్ష్యం.

సన్నని నాళం వేగంగా కంపిస్తుంది, లావుది నెమ్మదిగా. ఆక్సీకరించిన సిలికాన్ మీద విడిగా పడి ఉన్న నాళాలకు అడో జోరియో బృందం 2001లో ఇచ్చిన సూత్రం చాలా సాదా. 248ని వ్యాసంతో భాగిస్తే వేవ్‌నంబరు వస్తుంది. కట్టలు కట్టుకుని ఉన్న నాళాలకు మరో సూత్రం వాడతారు, 234ను వ్యాసంతో భాగించి 10 కలపాలి. పక్క నాళాల ఒత్తిడి వల్ల వచ్చేదే ఆ అదనం. 180 దగ్గర గీత కనిపిస్తే మొదటి సూత్రం 1.38 నానోమీటర్లు అంటుంది, రెండోదీ 1.38 అనే అంటుంది. అంతటా ఇంత చక్కగా కుదరదు. మరీ సన్నని నాళాల దగ్గర సూత్రాలు ఒకదానికొకటి ఎడమవుతాయి. (6,5) నాళానికి 248 సూత్రం 332 ఇస్తుంటే ప్రయోగంలో గీత 310 దగ్గర వస్తుంది. కనుక ఏ సూత్రం వాడారో చెప్పకుండా వ్యాసం మాత్రం చెబితే ఆ అంకెను పోల్చి చూసుకునే దారి ఉండదు.

ఇదే సూత్రం బహుకుడ్య నాళాల విషయంలో ఈ గీత ఎందుకు పనికిరాదో కూడా చెబుతుంది. 10 నానోమీటర్ల వ్యాసానికి లెక్క 25 వేవ్‌నంబర్ల దగ్గరికి వస్తుంది. అక్కడ లేజర్ కాంతి తాకిడే అంతా, మామూలు ఫిల్టర్లు ఆ భాగాన్ని మొత్తం కోసేస్తాయి.

వర్ణపటం మధ్యలో, 1,590 చుట్టుపక్కల, అన్నిటికన్నా ఎత్తైన శిఖరం జీ బ్యాండ్. పక్కపక్క కార్బన్ పరమాణువులు తమ బంధం వెంబడి ఎదురెదురుగా కదలడం వల్ల వచ్చేది ఇది. గ్రాఫైట్‌లో 1,582 దగ్గర ఒకే గీతగా ఉంటుంది. నాళంలో పొర వంగి ఉండటం వల్ల పొడవు వెంబడి కదలిక, చుట్టుకొలత వెంబడి కదలిక వేరుపడి శిఖరం రెండుగా చీలుతుంది. అర్ధవాహక నాళాలలో ఆ రెండూ సన్నగా, స్పష్టంగా ఉంటాయి. లోహ నాళాలలో కింది శిఖరం వెడల్పుగా, ఒక వైపుకు వాలి, దిగువకు జారి కనిపిస్తుంది. స్వేచ్ఛగా తిరిగే ఎలక్ట్రాన్లు కంపనంతో చిక్కుపడటమే ఆ వాలుకు కారణం. అలవాటైన కన్ను ఈ ఒక్క శిఖరం ఆకారం చూసి నాళం ఏ జాతిదో పోల్చుకుంటుంది.

1,350 దగ్గర ఉండేది డీ బ్యాండ్. ఖాళీ పడిన స్థానాలు, తెగిన అంచులు, అతుక్కున్న పరాయి అణువులు వంటి లోపాలు ఉంటేనే అది లేస్తుంది. ఎఫ్.టుయిన్‌స్ట్రా, జె.ఎల్.కోనిగ్ 1970లో గ్రాఫైట్ మీద చేసిన పనిలో దీన్ని వివరించి, డీ, జీ శిఖరాల నిష్పత్తికీ గ్రాఫైట్ రేణువుల పరిమాణానికీ విలోమ సంబంధం చూపారు. తరువాత తెలిసిన సంగతి ఏమిటంటే లేజర్ రంగు మారిస్తే ఈ శిఖరం చోటు కూడా మారుతుంది, ఒక్కో ఎలక్ట్రాన్ వోల్టుకు సుమారు 50 వేవ్‌నంబర్ల చొప్పున. మామూలు కంపనానికి అలా జరగకూడదు. క్రిస్టియన్ థామ్సెన్, స్టెఫానీ రైఖ్ 2000లో ద్వంద్వ అనునాదం అనే ప్రక్రియతో దీనికి సమాధానం ఇచ్చారు. ఎలక్ట్రాన్ ఒకసారి కంపనాన్ని పుట్టించి, ఒకసారి లోపానికి కొట్టుకుని వెనక్కి వస్తుంది. లేజర్ శక్తి మారితే ఎలక్ట్రాన్ బయలుదేరే చోటు మారుతుంది, దానికి సరిపడే కంపనమూ మారుతుంది. 2,700 దగ్గర వచ్చే జీ ప్రైమ్ బ్యాండ్‌లో లోపం బదులు రెండో కంపనం వస్తుంది, కాబట్టి నిర్దోషమైన నాళంలో కూడా అది కనిపిస్తుంది. లేజర్ మారిస్తే డీకి రెట్టింపు వేగంతో జరుగుతుంది.

అనునాదం చేసే ఎంపిక

కోటికి ఒక్క ఫోటాన్ ఇచ్చే పద్ధతితో ఒక్క నానోమీటరు మందం ఉన్న ఒంటరి నాళాన్ని చూడగలగడం మామూలుగా అసాధ్యం. సాధ్యం చేసింది అనునాదం. నాళం ఏకపరిమాణం గల వస్తువు కావడం వల్ల దాని ఎలక్ట్రాన్ స్థితులు కొన్ని నిర్దిష్ట శక్తుల దగ్గర గుట్టలుగా పోగవుతాయి. వీటిని వాన్ హోవ్ శిఖరాలు అంటారు. లేజర్ ఫోటాన్ శక్తి అటువంటి రెండు శిఖరాల మధ్య దూరానికి సరిపోతే రామన్ సంకేతం వేల రెట్లు పెరుగుతుంది. సరిపోకపోతే నాళం ఉండీ లేనట్టే.

ఏ నాళానికి ఏ శక్తి సరిపోతుందో ఒక్క పటం మీద చూపించినవాడు జపాన్ శాస్త్రజ్ఞుడు హిరోమిచి కతౌరా. అడ్డంగా వ్యాసం, నిలువుగా శక్తి, ఒక్కో నాళానికి ఒక్కో చుక్క. 1999లో వచ్చిన ఈ కతౌరా పటం ప్రతి నానోట్యూబు ప్రయోగశాల గోడ మీదా ఉండదగినది. పటం మీద లేజర్ శక్తి దగ్గర అడ్డంగా గీత గీసి, ఇటూ అటూ 0.1 ఎలక్ట్రాన్ వోల్టు వదిలితే ఆ పట్టీలో పడ్డ చుక్కలే వర్ణపటంలో కనిపించే నాళాలు.

(10,10), (11,9) ఇక్కడ విడిపోతాయి. వాటి ఆర్‌బీఎం గీతల మధ్య తేడా లెక్క ప్రకారం 0.3 వేవ్‌నంబరు మాత్రమే, మామూలు పరికరానికి అది అందదు. కానీ (10,10) ఎరుపు కాంతికి అనునదిస్తుంది, (11,9) పరారుణం వైపు ఉన్న కాంతికి అనునదిస్తుంది. లేజర్ రంగు మారిస్తే ఒకటి మాయమై మరొకటి ప్రత్యక్షమవుతుంది. వ్యాసం ఆర్‌బీఎం నుంచి, శక్తి లేజర్ నుంచి తెలిస్తే రెండూ కలిసే చోట ఉన్న చుక్క నాళం పేరు చెబుతుంది.

ఇంత గొప్ప పద్ధతిని తప్పుగా వాడటం కూడా అంతే తేలిక. 1.4 నానోమీటర్ల సగటు వ్యాసం గల ఒక నమూనా తీసుకుని 514 నానోమీటర్ల ఆకుపచ్చ లేజర్ వేస్తే అర్ధవాహక నాళాలే పలుకుతాయి, జీ బ్యాండ్ సన్నగా వస్తుంది. అదే నమూనా మీద 647 నానోమీటర్ల ఎరుపు లేజర్ వేస్తే లోహ నాళాలు పలుకుతాయి, జీ బ్యాండ్ వెడల్పయి వాలిపోతుంది. నమూనా మారలేదు, ప్రశ్న మారింది. బ్రెజిల్‌లోని బెలో హొరిజాంటేకు చెందిన మార్కోస్ పిమెంటా, ఎంఐటీలోని మిల్‌డ్రెడ్ డ్రెసెల్‌హాస్ బృందంతో కలిసి 1998లో ఈ మార్పును వరుస లేజర్లతో చూపించాడు. సుమారు 1.7 నుంచి 2.2 ఎలక్ట్రాన్ వోల్టుల మధ్య కిటికీలో లోహ నాళాలు ముందుకొస్తాయని ఆ పనితో తేలింది. ఇంత కాలం గడిచినా ఒక్క ఆకుపచ్చ లేజర్‌తో తీసిన వర్ణపటం చూపి, మా నమూనాలో అర్ధవాహకాలే ఎక్కువ అని రాసే పత్రాలు ఉండటం విచారకరం.

ఈ శక్తుల గురించి తొలి అవగాహన కూడా పూర్తిగా నిలవలేదు. మొదట్లో వాటిని స్వేచ్ఛగా ఉన్న ఎలక్ట్రాన్ల లెక్కతో వివరించారు. కాంతి పుట్టించిన ఎలక్ట్రాన్, అది వదిలిన ఖాళీ ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఎక్సైటాన్ అనే జంటగా ఉంటాయని 2005లో కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన ఫెంగ్ వాంగ్, టోనీ హైన్జ్ బృందమూ, బెర్లిన్‌లో యానినా మౌల్చ్ బృందమూ రెండు ఫోటాన్ల ప్రయోగాలతో నిరూపించాయి. కతౌరా పటంలో చుక్కలు సవరించుకోవలసి వచ్చింది, పటం మాత్రం నిలిచింది.

1993 నుంచి 2001 దాకా

నానోట్యూబుల మీద తొలి రామన్ కొలతలు 1993లో హిడెఫుమి హియురా, థామస్ ఎబ్బెసెన్ బృందం బహుకుడ్య నాళాల మీద చేసినవి. అవి గ్రాఫైట్ వర్ణపటానికి చాలా దగ్గరగా వచ్చాయి. 1994లో పీటర్ ఎక్లండ్ బృందం ఏకకుడ్య నాళాల మీద కొలిచింది, కానీ అప్పటి నమూనాల్లో నాళాలు బహు కొద్ది. మంచి నమూనా దొరికేదాకా మంచి వర్ణపటం రాదు. రైస్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ స్మాలీ బృందం లేజర్‌తో గ్రాఫైట్‌ను ఆవిరి చేసి, దాదాపు ఒకే వ్యాసం ఉన్న నాళాల కట్టలను 1996లో తయారుచేసింది. ఆ మసి ఎక్లండ్ ప్రయోగశాలకు చేరింది.

ఫలితం 1997 జనవరిలో సైన్స్ పత్రికలో వచ్చింది. తొలి రచయిత ఎ.ఎం.రావు, సహ రచయితల్లో కె.ఆర్.సుబ్బస్వామి, స్మాలీ, డ్రెసెల్‌హాస్ దంపతులు ఉన్నారు. ఒకే నమూనా మీద అయిదు రకాల లేజర్ రంగులు వేశారు. 186 వేవ్‌నంబర్ల ప్రాంతంలో ఉన్న ఆర్‌బీఎం శిఖరం ప్రతి రంగుకూ చోటు మార్చుకుంది. మామూలు పదార్థంలో లేజర్ మార్చినంత మాత్రాన కంపన పౌనఃపున్యం మారదు. ఇక్కడ మారుతున్నది కంపనం కాదు, ఒక్కో రంగు వేరే వ్యాసం గల నాళాలను ఎంచుకుంటోంది. ఈ రంగంలో తరువాత జరిగిన పనికంతటికీ పునాది ఆ గుర్తింపే.

నాలుగేళ్లకు జోరియో, సైతో, డ్రెసెల్‌హాస్ తదితరులు సిలికాన్ పలక మీద దూరదూరంగా పెంచిన నాళాల్లో ఒక్కొక్కదాని వర్ణపటం విడిగా తీశారు. మసి మొత్తానికి సగటు చెప్పే పద్ధతి అప్పటి నుంచి ఒంటరి నాళానికి పేరు పెట్టే పద్ధతి అయింది. 1960ల నుంచి కార్బన్ మీద పనిచేసి 2017లో కన్నుమూసిన మిల్‌డ్రెడ్ డ్రెసెల్‌హాస్ పేరు ఈ కథలో ప్రతి మలుపులోనూ వస్తుంది. ఈ వర్ణపటాలను చదివే వ్యాకరణం ఒక రూపానికి రావడంలో ఎక్కువ పాలు ఆమెదే అనడం అతిశయోక్తి కాదు.

నాళానికి ఏం జరిగిందో చెప్పడం

పేరు తెలిశాక రామన్ చేసే రెండో పని నాళం పరిస్థితి చెప్పడం. ఎలక్ట్రాన్లు చేర్చినా తీసినా జీ బ్యాండ్ కదులుతుంది. ఎ.ఎం.రావు, ఎక్లండ్ బృందం 1997లోనే నేచర్ పత్రికలో దీన్ని చూపించింది. బ్రోమిన్ ఆవిరి తగిలిస్తే శిఖరం పైకి జరిగింది, పొటాషియం తగిలిస్తే దిగువకు జారింది. బ్రోమిన్ నాళం నుంచి ఎలక్ట్రాన్లు లాక్కుంటుంది, పొటాషియం ఇస్తుంది. నాళాలను ప్లాస్టిక్‌లో కలిపి లాగితే జీ ప్రైమ్ శిఖరం కిందికి జరుగుతుంది. ప్లాస్టిక్ మీద పడిన బలం నిజంగా నాళాలకు అందుతోందా, లేక నాళాలు లోపల జారిపోతున్నాయా అన్నది దీనితో తేలుతుంది.

వజ్రాల మధ్య నొక్కి పెట్టి చూసిన ప్రయోగాలూ ఉన్నాయి. ఉమా వెంకటేశ్వరన్, ఎక్లండ్, స్మాలీ తదితరులు 1999లో నాళాల కట్టల మీద ఒత్తిడి పెంచుతూ పోతే, 1.5 గిగాపాస్కల్ దగ్గర, అంటే వాతావరణ పీడనానికి దాదాపు 15,000 రెట్ల దగ్గర, ఆర్‌బీఎం అదృశ్యమైంది. గుండ్రని నాళం నలిగి ఆకారం మారిందనడానికి అది గుర్తు. బెంగళూరులో ఎ.కె.సూద్ బృందం ఇంకా ఎక్కువ ఒత్తిడి దాకా వెళ్లి, ఒత్తిడి తీసేశాక వర్ణపటం తిరిగి వస్తోందని 2000లో ప్రకటించింది.

కాంతిని కటకంతో ఎంత కూడదీసినా దాని చుక్క కొన్ని వందల నానోమీటర్లకు మించి చిన్నది కాదు. 2003లో ఆఖిమ్ హార్ట్‌షుహ్, లూకాస్ నొవోట్నీ తదితరులు పదునైన లోహపు మొనను నాళానికి అతి దగ్గరగా తెచ్చి, ఆ మొన కింద మాత్రమే కాంతి తీవ్రమయ్యేలా చేసి, సుమారు 25 నానోమీటర్ల వివరంతో రామన్ చిత్రం తీశారు. ఒకే నాళంలో లోపం ఎక్కడుందో వేలు పెట్టి చూపే స్థితి అప్పుడు వచ్చింది.

రామన్‌తో పాటు రంగు మారని రేలీ కాంతినీ వాడుకున్నవాళ్లున్నారు. కొలంబియాలో మాథ్యూ స్ఫీర్, హైన్జ్, లూయిస్ బ్రస్ తదితరులు 2004లో చీలిక మీదుగా గాలిలో నిలిచిన నాళం మీద తెల్లటి లేజర్ కాంతి వేసి, ఏయే రంగులను అది గట్టిగా చెదరగొడుతుందో కొలిచారు. ఒక్కసారిలో అన్ని అనునాద శక్తులూ వచ్చేస్తాయి. అయితే నాళాన్ని గాలిలో నిలపాలి, పక్కన మరో వస్తువు ఉండకూడదు. అందుకే ఇది పరిశోధనలో నిలిచినా రోజువారీ పరీక్షగా మారలేదు.

నాళాల కడుపులో ఏముందో కూడా వర్ణపటం చెబుతుంది. ద్వికుడ్య నాళాల లోపల కార్బన్ పరమాణువులు ఒకదాని వెనుక ఒకటి వరుసకట్టిన గొలుసులు ఏర్పడితే 1,850 ప్రాంతంలో కొత్త గీత లేస్తుంది. గ్రాఫైట్‌లో గానీ నాళాల్లో గానీ ఆ చోట గట్టి గీత ఏదీ ఉండదు. వియన్నాలో లెయ్ షి, థామస్ పిష్లర్ బృందం 2016లో ఆరు వేలకు పైగా పరమాణువులున్న గొలుసులను ఇలా నిర్ధారించింది. బయట నిలవని గొలుసుకు నాళమే రక్షణ.

కొలిచేటప్పుడు జరిగే పొరపాట్లు

ఒక మిల్లీవాట్ లేజర్ అంటే చాలా తక్కువ అనిపిస్తుంది. దాన్ని ఒక మైక్రాన్ చుక్కలో కేంద్రీకరిస్తే చదరపు సెంటీమీటరుకు లక్ష వాట్లు దాటుతుంది, నడినెత్తి ఎండకు పది లక్షల రెట్లు. నల్లని మసి ఆ వేడినంతా పీల్చుకుంటుంది. నూరు డిగ్రీలు పెరిగితే జీ బ్యాండ్ రెండు మూడు వేవ్‌నంబర్లు కిందికి జారుతుంది. ఆ జారుడును చూసి రసాయన చర్య జరిగిందని పొరబడే అవకాశం ఉంది. శక్తిని సగానికి తగ్గించి మళ్లీ కొలిచి, శిఖరం కదలలేదని చూసుకోవడం మంచి ప్రయోగశాలల అలవాటు. కొలత మొదలుపెట్టే ముందు సిలికాన్ పలక ఇచ్చే 520.5 వేవ్‌నంబర్ల గీతతో పరికరాన్ని సరిచూసుకోవడం కూడా.

డీ, జీ శిఖరాల నిష్పత్తిని స్వచ్ఛతకు కొలమానంగా వాడటం మరో పొరపాటు. ఆ నిష్పత్తి లోపాల గురించి చెబుతుంది, స్వచ్ఛత గురించి కాదు. నాళాలను పెంచడానికి వాడిన ఇనుము, నికెల్, కోబాల్ట్ రేణువులు రామన్‌లో కనిపించవు, వాటి లెక్క తేల్చాలంటే మసిని గాలిలో కాల్చి మిగిలిన బూడిదను తూచాలి. రూపం లేని కార్బన్ కూడా డీ బ్యాండ్ ఇస్తుంది, కాబట్టి నాళాల గోడల్లోని లోపాన్నీ పక్కనున్న మురికినీ ఆ ఒక్క శిఖరం విడదీయలేదు. పైగా నిష్పత్తి లేజర్ రంగుతో మారుతుంది, వేర్వేరు లేజర్లతో తీసిన రెండు నిష్పత్తులను పక్కపక్కన పెట్టి పోల్చడం చెల్లదు. నమూనాలో ఒకే చుక్క దగ్గర కొలిచి ఊరుకోవడమూ చాలదు. మసి ఎక్కడా ఒకేలా ఉండదు, పలు చోట్ల కొలిచి సగటు, చెదురు రెండూ ఇవ్వాలి.

రామన్‌కు అసలు అందని హద్దు ఎలక్ట్రానిక్స్ పరిశ్రమ దగ్గర ఎదురవుతుంది. 2019లో ఎంఐటీలో మాక్స్ షులేకర్ బృందం 14,000కు పైగా నానోట్యూబు ట్రాన్సిస్టర్లతో 16 బిట్ల మైక్రోప్రాసెసర్ చేసి చూపింది. అటువంటి చిప్‌లో లోహ నాళం ఒకటి పడితే ఆ ట్రాన్సిస్టర్ ఆగదు, ఆరదు, ఎప్పుడూ పారుతూనే ఉంటుంది. అందుకే 99.99 శాతం అర్ధవాహక నాళాలు కావాలంటారు. పది వేలలో ఒక్క లోహ నాళాన్ని మసి మధ్య నుంచి రామన్‌తో లెక్కపెట్టడం కష్టం. ఆ స్థాయిలో వేల ట్రాన్సిస్టర్లు నిజంగా చేసి, ఒక్కొక్కటి ఆగుతోందా లేదా అని విద్యుత్తుతోనే పరీక్షిస్తారు. వేరుచేసే ప్రక్రియ సరైన దారిలో ఉందా అని ప్రతి దశలో తేల్చడానికి మాత్రం త్వరగా పని అయ్యే సాధనాల్లో రామన్ ఒకటి.

నానోట్యూబుల రామన్ వర్ణపటం ఎక్కడ కనిపించినా విద్యార్థులు శిఖరాల కన్నా ముందు చూడవలసింది పటం కింద చిన్న అక్షరాల్లో ఉండే లేజర్ తరంగదైర్ఘ్యాన్ని. అది రాయని వర్ణపటం నుంచి నాళం రకం తేల్చకూడదు. ఒక్క రంగే వాడి ఉంటే, రెండో రంగుతో తీసిన వర్ణపటం ఏదని అడగాలి.